అప్‌డేట్: ‘కైండ్’ అంటే రకమూ, దయా రెండూ ఎలా అయ్యాయో తేలింది

గత నెల ఈ ప్రశ్న అడిగింది నేనే. ఏడో తరగతి చదివే మా అమ్మాయి నోటుపుస్తకంలో ‘కైండ్’కు ఒకచోట ‘రకం’ అని, మరోచోట ‘దయగల’ అని రాసి, ఏది తప్పో చెప్పమని నన్ను నిలదీసింది. తెలిసిన అధ్యాపకులను అడగమన్న సలహా ఫలించింది. చెప్పినవారికి కృతజ్ఞతలు.

కడపలో మా వీధి చివర ఉండే విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు విషయం తేల్చారు. రెండూ ఒకే మాట. పాత ఇంగ్లీషులో దానికి పుట్టుక, స్వభావం అని అర్థం. బంధువులను సూచించే ‘కిన్’ దాని తోబుట్టువు. మనవాళ్ల పట్ల సహజంగా ఉండే తీరే దయ అయింది. ఆయన అక్కడితో ఆగలేదు. పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో మూడు మాటలు రాశారు: కైండ్, లాటిన్ ‘జీనస్’ (జాతి, రకం), సంస్కృత ‘జాతి’. మూడింటికీ పుట్టడం అనే ఒకే ధాతువు మూలం! జెండర్ (లింగం), జాన్రా (కథలు, సినిమాల రకం) కూడా జీనస్ సంతానమే.

అప్పుడు నా ప్రశ్న కింద, రకం అనే అర్థమే ఉన్న ‘క్యాటగిరీ’కి గ్రీకులో నేరారోపణ అని అర్థమన్న వ్యాఖ్యను వెక్కిరింత అనుకున్నాను, మన్నించండి. నిజమే. దాన్ని తర్కంలోకి తెచ్చినవాడు అరిస్టాటిల్.

ఒకే మాటకు రెండర్థాలు ఉండటం అచ్చుతప్పేమో అన్న నా అనుమానం వట్టిది. బ్రౌన్ నిఘంటువు చూడమన్న సలహా కూడా దీనికి పనికిరాలేదు. సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయం మా ఊళ్లోనే ఉన్నా, 1850ల నాటి ఆ నిఘంటువు వెతికేది తెలుగు అర్థాల కోసం, ఇంగ్లీషు మాటల పుట్టుక కోసం కాదు.

అమ్మాయికి రెండు జవాబులకూ మార్కులు పడ్డాయి.