చిన్న ఏరులో ట్రౌట్ చేపలకు ఏ ఫ్లై రాడ్ తీసుకోవాలి?

ప్రశ్న (హనుమకొండ):
అందరికీ నమస్కారం. పాకాల వాగులో వెదురు కర్రకు గాలం కట్టి, వానపామును గుచ్చి జెల్లలు, పరకలు పట్టడం చిన్ననాటి నుంచి అలవాటే గాని, ఫ్లై రాడ్‌ను (పురుగును పోలిన తేలికపాటి ఎరను విసిరే కర్రను) ఇంతవరకు చేత పట్టలేదు. ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదికి బ్రౌన్ ట్రౌట్ కోసం వెళ్తున్నాను. తేలికపాటి రాడ్లలో ఏది తగినదో దయచేసి చెప్పగలరు.

జవాబు (కాజీపేట):
మన గాలంలో సీసపు గుండు బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఈకలతో, నూలుతో కట్టిన ఫ్లైకి అంత బరువు ఉండదు కనుక, లావుపాటి దారమే, అంటే లైనే, దాన్ని మోసుకుపోతుంది. రాడ్ మీది నంబరు ఆ లైను బరువును సూచిస్తుందే తప్ప రాడ్ బరువును కాదు. 3వ నంబరు లైను మొదటి 30 అడుగులు సుమారు 6.5 గ్రాములు తూగుతుంది. కొమ్మలు వంగిన ఇరుకు పాయలకు ఏడున్నర అడుగుల 3వ నంబరు చాలు. అయితే తీర్థన్ ప్రధాన ప్రవాహంలో రాళ్ల మధ్య వడి ఎక్కువ కాబట్టి, ఎనిమిదిన్నర అడుగుల 4వ నంబరే మేలని నా అభిప్రాయం.

జవాబు (కరీంనగర్):
కార్బన్ రాడ్ తేలిక. గ్లాస్ ఫైబర్‌ది పిడి దాకా నిదానంగా వంగుతుంది కనుక దగ్గరి విసుర్లకు హాయిగా ఉంటుంది. నాలుగు ముక్కలుగా విడదీసేది కొంటే రైలు ప్రయాణానికి అనువు. నేను సాధన చేయకుండా వెళ్లి, సగం రోజు కొమ్మల్లో చిక్కిన లైనును విడిపించుకోవడంతోనే గడిపాను. మీరు ముందే ఖాళీ మైదానంలో, గాలానికి బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి విసరడం నేర్చుకోండి. అక్కడి మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 4వ నంబరు కార్బన్ రాడ్‌నే తీసుకుంటాను.