కలశంలోకి బందరు కాలువ నీళ్లా, కుళాయి నీళ్లా?

పటమట వాసి: వరలక్ష్మీ వ్రతానికి కృష్ణ నీళ్లే కావాలంటున్నారు మా అత్తగారు. విజయవాడలోనే ఉన్నా దుర్గా ఘాటు దాకా వెళ్లడం కుదరదు. బందరు కాలువ దగ్గరే, అదీ కృష్ణేగా? ఆర్వో నీళ్లు పనికొస్తాయా? ఆచమనం (నామాలు చెబుతూ నీళ్లు పుచ్చుకోవడం) కూడా కలశంలోంచే తీసుకోవచ్చా?

వ్రతవిధి: కాలువ నీళ్లు వద్దండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర అది కృష్ణే, ఊళ్లోకొచ్చేసరికి మురుగు కలుస్తుంది. నురగ, వాసన లేని నీళ్లు చాలు. కుళాయివైనా ఆర్వోవైనా సరే. నదుల్ని పిలిచేది మంత్రం. చెంబును కుడి అరచేత్తో మూసి «గంగే చ యమునే చైవ» చదవండి. అందులో కృష్ణ లేదని అత్తగారంటే, ఆ తర్వాత «కావేరీ తుంగభద్రా చ కృష్ణవేణీ చ గౌతమీ» కూడా చదవండి.

అసలు తికమక పాత్రల దగ్గర. ఆచమనానికి పంచపాత్ర (నీళ్ల గిన్నె), ఉద్ధరిణి (చెంచా) విడిగా ఉండాలి. అవి ఎంగిలి కింద లెక్క, అమ్మవారికి వాడరు. పూలమీద, పూజా ద్రవ్యాలమీద చల్లడానికి ఇంకో చిన్న చెంబు. పైన చెప్పిన శ్లోకాలు దీనికే. కొబ్బరికాయ నిలిపే కలశం మూడోది. పూజ అయ్యేదాకా దాన్ని కదపరు, అందులోంచి నీళ్లు తియ్యరు. కొన్ని ఇళ్లలో దాన్లో బియ్యమే పోస్తారు, మీ ఆనవాయితీ కనుక్కోండి.

బ్రాహ్మతీర్థం: ఆచమనానికి మినపగింజ మునిగేటన్ని నీళ్లే. చాలామంది దోసిలి నింపి జుర్రుతారు, చప్పుడు రాకూడదు. అరచెయ్యి ఆవుచెవిలా వంచి, బొటనవేలి మొదట్లోంచి తాగాలి. కేశవ, నారాయణ, మాధవ నామాలకు మూడుసార్లు. గోవింద నామానికి చెయ్యి కడుక్కోవాలి. దేవతలకు వేళ్ల కొసల్నుంచి వదులుతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదిలేది పితృదేవతలకు, వ్రతంలో అలా జారనివ్వకండి.

పటమట వాసి: కలశం మూడు రోజులుంచితే వాసనొస్తుందంటున్నారు. ఎందుకని?

రాగిచెంబు: అక్షతలు గుప్పెడు పోస్తే బియ్యం నాని పులుస్తుంది, నాలుగు గింజలు చాలు. నీళ్లలో పూరేకులు వెయ్యకండి. అంచుకు రెండు వేళ్లు కిందికే నింపి, ఐదు మామిడాకులు పేర్చి, పైన కాయ. కాయ అడుగు నీళ్లకు తగిలితే అక్కడే బూజు. దీపం మరీ దగ్గరుంటే వేడికి కాయ పగులుతుంది, అపశకునమని కంగారుపడొద్దు. రాగి పాత్రలో పెరుగు, పంచామృతం పోస్తే చిలుము పడుతుంది. వాటికి వెండో స్టీలో వాడండి.

ఇంకొకటి, «ఆపాయ నమః» అని వినిపిస్తుంటుంది, తప్పు. సంస్కృతంలో అప్ (నీళ్లు) శబ్దం ఎప్పుడూ స్త్రీలింగ బహువచనమే, «అద్భ్యో నమః» అనాలి.

ఉద్వాసన (పూజ ముగించి అమ్మవారిని సాగనంపడం) తర్వాత ఆ నీళ్లు మామిడాకుతో ఇల్లంతా చల్లి, మిగిలినవి చెట్టు మొదట్లో పొయ్యండి. తులసికోటలో చెంబెడూ ఒకేసారి గుమ్మరిస్తే వేరు కుళ్లుతుంది.