కెర్నెల్‌ను ‘కాన్ఫిగర్’ చేయడానికి తెలుగులో ఏమందాం?

పలాస నుంచి:

అందరికీ నమస్కారం. ఒక మాట కోసం రెండు వారాలుగా తిప్పలు పడుతున్నాను, మీ సాయం కావాలి.

చిన్న చిన్న బోర్డులకు లినక్స్ కెర్నెల్ తయారుచేసి ఇవ్వడం నా పని. ఆదివారాలు డిప్లొమా చదివే పిల్లలు ఆరుగురు మా ఇంటికి వస్తారు. వాళ్లకు తెలుగులోనే చెప్తాను. నోటితో చెప్పేటప్పుడు చేతులు తిప్పుతూ ఎలాగో గడిచిపోతుంది. అదే పాఠాన్ని రాసి ఇద్దామని కూర్చుంటే ‘కెర్నెల్ కాన్ఫిగరేషన్’ దగ్గర కలం ఆగిపోయింది.

కెర్నెల్ అన్న మాటతో నాకు పేచీ లేదు. మా ఊళ్లో దాన్ని వివరించడం చాలా తేలిక. జీడిపిక్క కొడితే పైన పెంకు, లోపల పప్పు. వ్యాపారం కాగితాల మీద ఆ పప్పునే ఇంగ్లీషులో కెర్నెల్ అని రాస్తారు. డబ్బా మీద డబ్ల్యూ 240 అని ఉంటే, పౌను బరువుకు 220 నుంచి 240 గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగే రకం అని అర్థం. కంప్యూటర్ వాళ్లు కూడా ఈ మాటలను గింజల దగ్గరే తీసుకున్నారు. మనం ఆదేశాలు టైపు చేసే ప్రోగ్రాంకు ‘షెల్’ అని 1960లలో మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల్లో లూయీ పూజాన్ పేరు పెట్టారు. షెల్ అంటే పెంకు. దాని లోపల ఉండి ప్రాసెసర్‌తో, మెమరీతో, డిస్కుతో నేరుగా మాట్లాడేది పప్పు. ఇంతవరకు పిల్లలు ఒక్క నిమిషంలో అందుకున్నారు.

చిక్కంతా తర్వాతి పనితో. లినక్స్ కెర్నెల్ సోర్సు, అంటే మనుషులు రాసిన ప్రోగ్రాం, ఒక్కటే. ల్యాప్‌టాప్‌లో ఉండే ఎక్స్86 రకం ప్రాసెసర్‌కీ, ఫోన్లలో ఉండే ఆర్మ్‌కీ, కొత్తగా వస్తున్న రిస్క్-ఫైవ్‌కీ అదే సోర్సు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు అది 386 ప్రాసెసర్ కోసమే రాసినది. ఇవాళ సోర్సులో ‘ఆర్చ్’ అన్న ఫోల్డర్ తెరిస్తే ఇరవై దాకా ప్రాసెసర్ రకాలు కనిపిస్తాయి. మన బోర్డుకు సరిపడే కెర్నెల్ కావాలంటే ముందు రకం చెప్పాలి, తర్వాత వేల ఆప్షన్ల మీద ఒక్కోదానికీ ఇది కావాలా వద్దా అని తేల్చాలి. ఆ తేల్చినదంతా ఒక ఫైలులో పడుతుంది. ఆ ఫైలును బట్టి, సోర్సును యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ కెర్నెల్‌ను కడుతుంది.

ఈ తేల్చే పనికి పేరేమిటి? ‘అమరిక’ అని రాసి కొట్టేశాను. ఫోన్లో సెట్టింగ్స్‌ను అమరికలు అంటున్నారు. సెట్టింగ్ నచ్చకపోతే వేలితో నొక్కి మార్చేస్తాం. దీన్ని మార్చాలంటే కెర్నెల్‌ను మళ్లీ కట్టాలి. ‘విన్యాసం’ అంటే పిల్లలకు కర్రసాము గుర్తొచ్చింది. ‘ఆకృతీకరణ’ అంటే ఏమీ గుర్తు రాలేదు. మీరేమంటారు?

విజయనగరం నుంచి:

బాబూ, నలభై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని, కంప్యూటర్ సంగతి తెలియదు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది ‘కూర్పు’. దండ కూర్చడం అంటాం, పద్యం కూర్చడం అంటాం. పూలు బుట్టలో పోస్తే దండ కాదు. ఏది కావాలో ఏరి, ఏది ఎక్కడుండాలో చూసి, దారంతో పట్టి ఉంచితే దండ. ఏరడం, కుదర్చడం, బిగించడం మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అమరికలో ఏరడం లేదు. ఎంపికలో బిగించడం లేదు.

శ్రీకాకుళం నుంచి:

మాస్టారూ, మాట బాగుంది కానీ తెలుగు వికీపీడియాలో ‘కూర్పు’ను వేరే అర్థంలో వాడుతున్నాం. ఒక పేజీని ఎవరైనా దిద్దితే పాత కూర్పు, కొత్త కూర్పు అంటాం. ‘కూర్పుల మధ్య తేడాలు’ అన్నది అక్కడ రోజూ కనిపించే మాట. అంటే కూర్పు అనగానే చాలామందికి వెర్షన్ అని తోస్తుంది. కెర్నెల్‌కు వెర్షన్ నంబర్లు కూడా ఉంటాయి కదా? రెండూ కలిసిపోతే పిల్లలు తికమక పడతారు.

పలాస నుంచి:

మంచి అభ్యంతరం, థాంక్స్. నిజంగానే కలుస్తుంది. ఉదాహరణకు 64 బిట్ ఆర్మ్ 2012లో 3.7 వెర్షన్‌తో చేరింది. రిస్క్-ఫైవ్ 2018లో 4.15తో చేరింది. దేని కోసం మొదలైందో ఆ 386కే 2013లో 3.8తో తలుపు మూశారు. ఇవన్నీ పాఠంలో చెప్తాను, అక్కడంతా ‘వెర్షన్’ అనే రాశాను. మా పిల్లలు గానీ నేను గానీ ఇంకో మాట అనం. వెర్షన్‌కు మాట ఉంది కాబట్టి కూర్పును ఈ పనికి అట్టే పెట్టుకోవచ్చు అనిపిస్తోంది. అయినా ఇంకెవరైనా చెప్తారేమో చూస్తాను.

సోంపేట నుంచి:

నాదో చిన్న మాట. ‘ప్లాట్‌ఫాం’ను వేదిక అని మాత్రం రాయకండి అన్నయ్యా. హార్డ్‌వేర్ వేదిక అంటే మైకు పెట్టి ఉపన్యాసం ఇచ్చే చోటులా ఉంది. ప్లాట్‌ఫాం అన్నా ఇక్కడ రైలే గుర్తొస్తుంది. ‘బోర్డు’ అనండి, అందరికీ తెలుసు.

పలాస నుంచి:

అలాగే చేశాను తమ్ముడూ. ప్రాసెసర్‌కు ‘రకం’, దాన్ని బిగించిన వస్తువుకు ‘బోర్డు’. ఒకే రకం ప్రాసెసర్ ఉన్నా బోర్డు మారితే కూర్పు మారుతుంది. రాస్‌ప్‌బెర్రీ పై 4, పై 5 అనే చిన్న బోర్డులు రెండూ 64 బిట్ ఆర్మే. అయినా వాటికి ముందుగా తయారుచేసి పెట్టిన డెఫ్‌కాన్ఫిగ్ ఫైళ్లు వేరు. పై 4కు బీసీఎం2711 పేరుతో ఉన్నది, పై 5కు బీసీఎం2712 పేరుతో ఉన్నది. రెండోదానిలో మెమరీని 16 కిలోబైట్ల పేజీలుగా కోస్తారు, మొదటిదానిలో 4 కిలోబైట్లు.

బొబ్బిలి నుంచి:

నేను వీణ నేర్పుతాను. మీరు అమరికకూ దీనికీ చెప్పిన తేడా చదివి ఆగిపోయాను, ఎందుకంటే మాకు ఆ తేడా రోజూ చేతికి తగులుతుంది.

ఇక్కడ గొల్లపల్లిలో వీణ చేసేటప్పుడు పనస చెక్క తొలిచాక, దండి మీద మైనం పెట్టి అందులో 24 మెట్లు నిలబెడతారు. ఏ మెట్టు ఎక్కడ అన్నది చెవితో విని తేలుస్తారు. అది చేసేవారి పని. ఒకసారి నిలిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. కదిలిందా, మైనం తీసి మళ్లీ చేయించుకోవాలి. బిరడా తిప్పి శృతి చేసుకోవడం వాయించేవారి పని. అది కూర్చున్న ప్రతిసారీ ఉంటుంది. రెండూ స్వరం సరిపడటం కోసమే. కానీ మెట్టు తప్పు చోట ఉంటే ఎంత శృతి చేసినా పలకదు.

మీ కెర్నెల్‌లో కూడా ఈ రెండు పనులూ ఉన్నాయా?

పలాస నుంచి:

అమ్మా, ఉన్నాయి! సరిగ్గా ఇలాగే ఉన్నాయి. నేను రెండు వారాలు వెతికింది ఈ విభజన కోసమేనని ఇప్పుడు అర్థమైంది.

పేజీ సైజు మెట్టు లాంటిది. 64 బిట్ ఆర్మ్‌లో 4, 16, 64 కిలోబైట్లలో ఒకటి ఎంచుకుని కెర్నెల్‌ను కట్టాలి. యంత్రం నడుస్తుండగా దాన్ని కదపలేం. మెమరీ నిండుతున్నప్పుడు డిస్కులో మెమరీకి తోడుగా ఉంచిన స్వాప్ అనే చోటును ఎంత ఉదారంగా వాడుకోవాలో చెప్పే ‘స్వాపీనెస్’ అన్న విలువ ఉంది, అది శృతి లాంటిది. నడుస్తున్న యంత్రంలోనే ఒక ఆదేశంతో మార్చుకోవచ్చు. ఇంగ్లీషులో రెండింటినీ కాన్ఫిగర్ చేయడం అనే అంటారు. అందుకే పిల్లలు తప్పు చోట వెతుకుతుంటారు. కట్టేటప్పుడు వదిలేసినదాన్ని కట్టాక మార్చబోతారు, అక్కడ ఆ ఆప్షనే కనిపించదు.

మన భాషలో ఆ రెండింటికీ రెండు మాటలు పెడితే పాఠం సగం అక్కడే అయిపోతుంది. కట్టడానికి ముందు తేల్చేది కూర్పు. నడిచేటప్పుడు మార్చుకునేది అమరిక. మాస్టారి మాటా నిలిచింది, నేను కొట్టేసిన మాటకూ చోటు దొరికింది.

విజయనగరం నుంచి:

చాలా సంతోషం. అమ్మాయి వీణతో నా దండకు బలం వచ్చింది.

పలాస నుంచి:

ఇంకో చిక్కు మిగిలింది, ఇది ఇంకా ముఖ్యం. కూర్పులో చాలా ఆప్షన్లకు జవాబు రెండు రకాలు కాదు, మూడు రకాలు. ఈ ఆప్షన్లను చూపించే మెనూకాన్ఫిగ్ తెర మీద ఒక డ్రైవరును, అంటే ఒక పరికరాన్ని నడిపించే ప్రోగ్రాంను, కెర్నెల్‌లోనే కలిపేయొచ్చు. లేదా మాడ్యూల్‌గా పక్కన పెట్టి, అవసరమైనప్పుడు తెచ్చుకునేలా చేయొచ్చు. లేదా అసలు వద్దనొచ్చు. ఇంగ్లీషులో వై, ఎం, ఎన్ అని మూడు అక్షరాలు. మొదటిదానికి ‘కలుపు’, రెండోదానికి ‘మాడ్యూల్’, మూడోదానికి ‘వద్దు’ అని రాసుకున్నాను.

చీపురుపల్లి నుంచి:

కలుపు అంటే మాకు చేలో పీకి పారేసేది బాబూ. మా అబ్బాయి మీ కాగితం చదివితే ‘దీన్ని తీసేయాలి కాబోలు’ అనుకుంటాడు. మీరు చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకం కదా.

పలాస నుంచి:

నిజమే, వెంటనే తీసేశాను. ఈ మాటలో తప్పు వస్తే ఏమవుతుందో నాకు అనుభవం ఉంది కాబట్టి భయం.

మొదట్లో ఒకసారి ఆర్మ్ బోర్డుకు కెర్నెల్ కడుతూ, సైజు తగ్గుతుందని చాలావాటిని మాడ్యూల్‌గా పెట్టాను. అందులో కార్డు మీది ఫైళ్లను చదివే ఈఎక్స్‌టీ4 కూడా ఉంది. బోర్డు ఆన్ చేస్తే నాలుగు లైన్లు వచ్చి, రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ చేయలేకపోతున్నానని, అంటే కార్డు మీది ఫైళ్లను తెరవలేకపోతున్నానని చెప్పి కెర్నెల్ పానిక్ అయింది, అక్కడికక్కడే ఆగిపోయింది. రెండు రాత్రులు కార్డులు మారుస్తూ కూర్చున్నాను. కార్డుకు ఏ లోపమూ లేదు. ఈఎక్స్‌టీ4 మాడ్యూల్ ఆ కార్డులోనే ఉంది, దాన్ని చదవాలంటే ముందు ఆ మాడ్యూలే కావాలి. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తలుపు మూసినట్టు. మొదట మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్ ఒకటి తోడు ఇచ్చి ఉంటే అందులో నుంచి తెచ్చుకునేది, నేను అదీ ఇవ్వలేదు. వై పెట్టాల్సిన చోట ఎం పెట్టడం, అంతే తేడా.

అందుకే ఈ మూడు మాటలూ చూడగానే తేడా తెలిసేలా ఉండాలి.

టెక్కలి నుంచి:

‘అంతర్నిర్మితం’ అనొచ్చు కదా?

బొబ్బిలి నుంచి:

పిల్లలు దాన్ని చదివేలోపు బోర్డు ఆన్ అయిపోతుంది. చిన్న మాటలుండాలి. వీణలో చెక్కతో పాటే వచ్చేది, పైన బిగించేది అని మేం మామూలుగానే అనుకుంటాం.

ఆమదాలవలస నుంచి:

‘లోన’, ‘విడిగా’, ‘వద్దు’. సరిపోవా?

పలాస నుంచి:

సరిపోతాయి. చదివి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఈ మూడింటిలో ఒక్కదానికీ వివరణ రాయక్కర్లేదు. ‘ఈఎక్స్‌టీ4 ఎక్కడుండాలి? లోన.’ ‘యూఎస్‌బీ కెమెరా డ్రైవరు? విడిగా.’ ‘ఈ బోర్డుకు లేని సౌండు చిప్పు? వద్దు.’ ప్రశ్నా జవాబూ ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉన్నాయి.

విజయనగరం నుంచి:

పక్కనే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు వారు సవర మాటలను సవరల నోటి నుంచే రాసుకున్నారు. మనం మన మాటలను మన నోటి నుంచే తీసుకోవడానికి ఇంత దూరం తిరిగాం. ‘లోన’ మంచి మాట. నన్నయ నాటి నుంచీ ఉంది, మా ఇంట్లోనూ ఉంది.

టెక్కలి నుంచి:

ఒప్పుకున్నాను. మరి ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఆప్షన్లు ఉంటాయట కదా, వాటినేమంటారు?

పలాస నుంచి:

అవి రెండు విధాలు అన్నయ్యా. ఈ ఆప్షన్లు రాసే భాషకు కేకాన్ఫిగ్ అని పేరు, 2002లో వచ్చింది. అందులో ‘డిపెండ్స్ ఆన్’ అని ఉంటే, ఆ రెండోది పెట్టేదాకా మొదటిది తెర మీద కనిపించదు. ‘సెలెక్ట్’ అని ఉంటే, మొదటిది పెట్టగానే రెండోది మనల్ని అడగకుండానే చేరిపోతుంది. వీటికి నామవాచకాలు వెతకలేదు. ‘దీనికి అది కావాలి’, ‘దీంతో పాటు అదీ వస్తుంది’ అని వాక్యాలుగానే రాశాను.

ఈ ఆదివారం కాగితం పంచాను. ఒక అబ్బాయి ఆర్మ్ బోర్డుకు కూర్పు సిద్ధం చేసి, చివర్లో ఏదో చూద్దామని మెనూకాన్ఫిగ్ మళ్లీ తెరిచాడు. ఆ రెండోసారి ప్రాసెసర్ రకం చెప్పడం మరిచాడు. రకం చెప్పకపోతే మనం కూర్చున్న కంప్యూటర్ రకాన్నే తీసుకుంటుంది, అది ఎక్స్86. సేవ్ చేయగానే ఆర్మ్‌కు మాత్రమే చెందిన ఆప్షన్లన్నీ చెప్పాపెట్టకుండా ఫైలులోంచి పోయాయి. వాడు ఫైలు తెరిచి చూసి, ‘సార్, కూర్పు చెదిరిపోయింది’ అన్నాడు. ఆ మాట నేను నేర్పలేదు.

మా అమ్మ పక్క గదిలో పప్పు ఏరుతోంది, గుండ్లు ఒక పక్క, బద్దలు ఒక పక్క. ‘చెదిరితే మళ్లీ ఏరుకోవాలి, ఏటి చేస్తాం’ అంది. వాడు రకం రాసి, డెఫ్‌కాన్ఫిగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

టెక్కలి నుంచి:

ఆ కాగితం ఇక్కడ కూడా పెట్టండి. మా ఊళ్లో ఇద్దరు పిల్లలకు కావాలి.

పలాస నుంచి:

రాత్రికి పెడతాను. మాడ్యూల్ అన్న మాట ఇంకా రెండు చోట్ల అలాగే ఉంది, అక్కడ ‘విడిగా’ అన్నది వాక్యంలో కుదరడం లేదు. చదివి చెప్పండి.