డాలస్‌కు లాబ్రడార్‌తో వచ్చినవారికి: హార్ట్‌వార్మ్ మందు, ఎక్స్‌రే, స్కానింగ్

నమస్కారమండి. మీ లాబ్రడార్ హైదరాబాదు నుంచి క్షేమంగా చేరినందుకు చాలా సంతోషం. క్లినిక్‌లో రాసిచ్చిన పరీక్షలన్నీ అవసరమా అని అడిగారు. వాటిలో హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) రక్తపరీక్షను మాత్రం దయచేసి వాయిదా వేయకండి.

ఈ పురుగు దోమకాటుతో కుక్క ఒంట్లో చేరి, ఆరేడు నెలల్లో పెద్దదై, ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ గుండె కుడి భాగంలోనూ స్థిరపడుతుంది. ఆడపురుగు దాదాపు అడుగు పొడవు పెరుగుతుంది. టెక్సాస్‌లో చలికాలంలోనూ వెచ్చటి రోజులు వస్తాయి కనుక, నెలనెలా ఇచ్చే నివారణ మందును పన్నెండు నెలలూ ఇవ్వాలి. ఆ మందు పెద్ద పురుగులను చంపదు. ఇటీవల చేరిన పిల్ల పురుగులను మాత్రమే తుడిచిపెడుతుంది. కొత్తగా సోకినది పరీక్షలో వెంటనే బయటపడదు కాబట్టి, ఇప్పుడు నెగెటివ్ వచ్చినా ఆరు నెలల తర్వాత మళ్ళీ చేయించి, ఆపైన ఏటా చేయించండి.

వ్యాధి ముదిరితే చికిత్స కుక్కకు చాలా కష్టం. మెలార్సొమైన్ అనే ఆర్సెనిక్ మందును నడుము కండరాల్లో లోతుగా ఎక్కిస్తారు: మొదట ఒకటి, నెల ఎడంతో రెండు రోజుల్లో మరో రెండు. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల నాళాల్లో అడ్డుపడే ప్రమాదం ఉన్నందున, నెలల తరబడి పరుగులు, గెంతులు మాన్పించాలి. లాబ్రడార్‌ను అలా కట్టడి చేయడం ఎంత బాధో పెంచినవారికి తెలుసు. ఇంజెక్షన్లకు ముందు ఛాతీ ఎక్స్‌రే తీసి, ఆ నాళాలు ఉబ్బాయా, గుండె కుడివైపు పెరిగిందా అని చూస్తారు. ఆ దశలో ఎక్స్‌రే అడిగితే సందేహించకండి.

ఏ లక్షణమూ లేని చిన్న వయసు కుక్కకు మాత్రం ఏటా ఎక్స్‌రే అక్కరలేదని నా అభిప్రాయం. తీయాలన్నప్పుడు దేనికోసమో అడగండి. ఎముకలు, తుంటి కీలు, ఊపిరితిత్తులు, మింగిన లోహపు వస్తువు ఎక్స్‌రేలో బాగా తెలుస్తాయి. తుంటి సంగతి మీరు ప్రత్యేకంగా గమనించండి, ఈ జాతిలో తుంటి కీలు సరిగా అమరని లోపం తరచుగా కనిపిస్తుంది. కాలేయం, ప్లీహం, మూత్రాశయం వంటి మెత్తటి అవయవాల లోపలి తీరుకు అల్ట్రాసౌండ్ కావాలి. మేజోడు మింగిందనుకోండి, గుడ్డ ఎక్స్‌రేలో సరిగా కనబడకపోవచ్చు. పేగులో గాలి నిలిచిన తీరును బట్టి ఊహించి, అల్ట్రాసౌండ్‌తో నిర్ధారిస్తారు. దానికి పొట్ట మీద వెంట్రుకలు గొరుగుతారు, సాధారణంగా మత్తు ఇవ్వరు. సీటీ, ఎమ్మారైలకు మాత్రం సాధారణంగా మత్తు ఇస్తారు. అంతవరకు వస్తే నిపుణుల దగ్గరికి పంపుతారు. కాలేజ్ స్టేషన్‌లోని టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయ బోధనాసుపత్రి అలాంటిదే.

బీమా తీసుకునే ఉద్దేశం ఉంటే జబ్బేదీ రికార్డుకెక్కకముందే తీసుకోండి, అప్పటికే ఉన్న వ్యాధులకు సాధారణంగా చెల్లించరు. మొదటి అపాయింట్‌మెంటుకు హైదరాబాదు టీకా పుస్తకం వెంట ఉంచుకోండి; రేబిస్ టీకా ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నంబరును మీ ఇక్కడి చిరునామా, ఫోనుతో నమోదు చేయించడం ఈ వారంలోనే పూర్తిచేయండి.