సావిత్రి పేరుతో ఒక గోడ నింపాలి, సినిమా సావిత్రి గారు కాక ఇంకెవరున్నారు?

చిట్టి లైబ్రరీ:
అందరికీ నమస్తే. మా కాలనీ లైబ్రరీలో ప్రతి మార్చి 8కి ఒక గోడ మొత్తం ఒకే పేరున్న ఆడవాళ్ళకి ఇస్తాం. పోయినేడాది దుర్గ అనుకుంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి నుంచి గోండు రాణి దుర్గావతి దాకా బాగానే కుదిరింది, పిల్లలు నిలబడి చదివారు కూడా. ఈసారి సావిత్రి. మహానటి గారు, సావిత్రిబాయి ఫూలే గారు, ఈ ఇద్దరి దగ్గరే బండి ఆగిపోయింది. గోడకి ఆరు బోర్డుల దాకా పడతాయి. దానికి తోడు కమిటీలో ఒక పెద్దాయన పురాణంలో సావిత్రిని ముందు పెట్టి కింద "పతివ్రత" అని రాయాల్సిందే అంటున్నారు, మా అక్కేమో అసలు ఆవిడే వద్దంటోంది. ఫూలే గారి గురించి కూడా ప్రతి స్కూల్లో ఉండే "మొదటి టీచరమ్మ" లైను కాకుండా ఏమన్నా చెప్పండి. ఆర్ట్ వైపు వాళ్ళు ఒకరిద్దరు దొరికితే ఇంకా సంతోషం.

పాత పేపర్లు:
ఆర్ట్ అన్నారు కాబట్టి సావిత్రీ ఖనోల్కర్ పేరు ముందు రాసుకోండి. పరమవీర చక్ర పతకాన్ని డిజైన్ చేసింది ఆవిడే. పుట్టింది 1913లో, స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో. తండ్రిది హంగరీ, తల్లిది రష్యా, అసలు పేరు ఈవ్ ఇవాన్. బ్రిటన్‌లో మిలిటరీ ట్రైనింగ్‌లో ఉన్న విక్రమ్ ఖనోల్కర్ అనే మరాఠీ కుర్రాడు సెలవులకి అటు వెళ్తే పరిచయమైంది. వాళ్ళ నాన్న ససేమిరా అన్నా వినకుండా ఇండియా వచ్చేసి 1932లో అతన్ని పెళ్ళి చేసుకుని, సావిత్రి అని పేరు మార్చుకుంది. పేరు కోసం మార్చుకోవడం కాదు, సంస్కృతం, పురాణాలు కూర్చుని చదువుకుంది. అందుకే స్వాతంత్ర్యం వచ్చాక కొత్త పతకాలు కావాల్సి వస్తే మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ వెళ్ళి ఆవిడనే అడిగారు.

పతకం ఫొటో పెద్దది ప్రింట్ తీయించండి, దగ్గరగా చూడాల్సిన వస్తువు అది. కంచుతో చేసిన బిళ్ళ, అడ్డంగా కొలిస్తే మూడున్నర సెంటీమీటర్లు ఉంటుందేమో, అంతే. మధ్యలో మూడు సింహాల చిహ్నం, దాని చుట్టూ నాలుగు వైపులా నాలుగు వజ్రాయుధాలు. దధీచి మహర్షి తన ఎముకలిచ్చేస్తే వాటితో ఇంద్రుడికి చేసిన ఆయుధం కదా, ప్రాణం ఇచ్చిన సైనికుడికి ఇంతకంటే సరిపోయే బొమ్మ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకి కూడా తట్టి ఉండేది కాదేమో. ఊదా రంగు రిబ్బన్, దాని మీద ఏ గీతలూ ఉండవు. ఇప్పటిదాకా ఇచ్చినవి 21, అందులో 14 చనిపోయాక ఇచ్చినవే. మొదటిది మేజర్ సోమనాథ్ శర్మకి, 1947 నవంబరులో శ్రీనగర్ దగ్గర బడ్గామ్‌లో చనిపోయారు. ఆయన తమ్ముడు ఈవిడ పెద్దల్లుడు. కథలో రాస్తే కల్పించారంటారు, కానీ నిజం.

ఒక జాగ్రత్త. నెట్‌లో "సావిత్రి, యూరప్, హిందూ పేరు" అని వెతికితే సావిత్రీ దేవి అని ఇంకో ఆవిడ వస్తుంది. ఫ్రాన్స్‌లో పుట్టిన మాక్సిమియాని పోర్టాస్. ఆవిడా 1932లోనే ఇండియాకి వచ్చింది, ఆవిడా అదే పేరు పెట్టుకుంది, కానీ హిట్లర్‌ని దేవుడి అవతారమన్న మనిషి, యుద్ధం అయిపోయాక జర్మనీలో నాజీ కరపత్రాలు పంచి జైలుకెళ్ళింది. ఆ ఫొటో పొరపాటున ఈ బోర్డు మీద పడితే మీ పని అయిపోతుంది.

కృష్ణ ఒడ్డు:
పెద్దాయన గురించి. పురాణ సావిత్రిని తీసేయకండి, కథ మాత్రం పూర్తిగా రాయండి, ఆయనే మాట్లాడకుండా ఊరుకుంటారు. మన భారతంలో అరణ్యపర్వంలో, ఎర్రన గారు పూరించిన భాగంలో ఉంటుంది. తగిన వరుడు దొరక్కపోతే తండ్రి అశ్వపతి "నువ్వే వెతుక్కో" అని రథమిచ్చి పంపిస్తాడు, ఆ పిల్ల ఊళ్ళు తిరిగి, రాజ్యం పోయి అడవిలో ఉంటున్న గుడ్డి రాజు కొడుకుని ఎంచుకుని వస్తుంది. ఏడాదిలో చచ్చిపోతాడని నారదుడు చెప్పినా, తండ్రి బతిమాలినా మాట మార్చదు. తర్వాత యముడి వెంట నడుస్తూ ఏడవదు, వాదిస్తుంది. భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకో అంటే ముందు మామగారి చూపు, తర్వాత రాజ్యం, తన తండ్రికి కొడుకులు, చివరికి తనకీ పిల్లలు కావాలని అడిగి, మొగుడు లేకుండా ఎలాగయ్యా అని ఇరికించేస్తుంది. లాయర్ బుర్ర. పక్కన పాత సినిమా పోస్టరు దొరికితే పెట్టండి, తెలుగు టాకీల తొలి రోజుల్లోనే, 1933లో, సి. పుల్లయ్య గారు సావిత్రి తీశారు, దాసరి రామతిలకం సావిత్రి, వేమూరి గగ్గయ్య యముడు.

మహానటి గారి బోర్డు మీద మాత్రం దయచేసి ఆ చివరి రోజుల కష్టాలు రాయకండి. ఎక్కడ చూసినా అదే గోల, తాగుడు, కోమా, డబ్బు పోవడం. ఆవిడ పని గురించి రాయండి. మాయాబజార్ (1957)లో "అహ నా పెళ్ళియంట" ఒక్కసారి సౌండ్ తీసేసి చూడండి. అక్కడున్నది శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు, అంటే ఆవిడ చేయాల్సింది ఎస్.వి. రంగారావు గారు ఆడపిల్లగా నటిస్తే ఎలా ఉంటుందో అది. సిగ్గు మధ్యలో ఆ రాక్షసుడి ఠీవి కళ్ళలోకి వచ్చి పోతుంటుంది, మాట అక్కర్లేదు. డైరెక్షన్ సంగతి కూడా జనానికి గుర్తుండదు, 1968లో చిన్నారి పాపలు తీశారు, నిర్మాత ఆడమనిషే, సంగీతం పి. లీల గారు.

బడిగంట:
నేను తెలంగాణలో టీచర్‌ని, ఫూలే గారి పుట్టినరోజు జనవరి 3ని ఇక్కడ 2025 నుంచి మహిళా టీచర్ల దినంగా చేస్తున్నారు, కాబట్టి ఈ ప్రసంగాలు చాలా విన్నాను. 1848 పూణే భిడే వాడాలో బడి, దారిలో పేడ విసిరితే మార్చుకోడానికి సంచిలో ఇంకో చీర, అందరూ ఇవే చెప్తారు. మీరు 1890 గురించి రాయండి. భర్త జోతిరావు పోయినప్పుడు దత్తకొడుకు యశ్వంత్ నిప్పుకుండ పట్టడానికి వీల్లేదని బంధువులు గొడవకి దిగితే, ఆవిడే ముందుకొచ్చి కుండ పట్టుకుని నడిచి చితికి నిప్పు పెట్టింది. యముడి దగ్గర్నుంచి మొగుణ్ణి తెచ్చుకున్నావిడ పేరు పెట్టుకుని మరీ. ఆ రోజుల్లో మహారాష్ట్రలో ఒక ఆడది అలా చేయడం ఎంత మాటో పెద్దవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకోటి, ఆవిడ కవయిత్రి కూడా, కావ్యఫులే అనే పుస్తకం 1854లో వచ్చింది, అప్పటికి ఆవిడకి ఇరవై మూడేళ్ళు. చివరికి 1897 ప్లేగులో, జబ్బు పడిన పిల్లవాణ్ణి వీపున వేసుకుని కొడుకు నడిపే వైద్యశాలకి మోసుకొచ్చి, అదే ప్లేగు సోకి మార్చి 10న పోయింది.

రెండో ఎడిషన్:
ఇంతమంది రాశారు, మన తెలుగు కవయిత్రి సావిత్రి ఎవరికీ గుర్తు రాలేదా! 1984లో "బందిపోట్లు" అని ఒక్క కవిత రాసింది, స్త్రీవాద కవిత్వం గురించి ఎవరు మాట్లాడినా అక్కణ్ణుంచే మొదలుపెడతారు. పాఠం అప్పజెప్పకపోతే పెళ్ళి చేసేస్తానని పంతులు ఆడపిల్లని బెదిరించడంతో మొదలవుతుంది, ఆఫీసులో నా మొగుడున్నాడు, అవసరమున్నా సెలవివ్వడని అన్నయ్య అంటాడు, అలా పెళ్ళి అనేది ఎవరి నోట్లో ఎలా శిక్ష అవుతుందో నాలుగు ముక్కల్లో చెప్పేసింది. పాపం చిన్న వయసులోనే పోయింది. నన్నడిగితే మహానటి గారి కన్నా ముందు ఈవిడ బోర్డే పెట్టాలి, కాలేజీ అమ్మాయిలు ఆగేది అక్కడే.

చిట్టి లైబ్రరీ:
అబ్బా, ఒక్కరోజులో గోడ నిండిపోయింది, థ్యాంక్స్ అండీ. "లాయర్ బుర్ర" లైను కమిటీ పెద్దాయనకి చదివి వినిపించాను, ఇప్పుడు "పతివ్రత" పక్కన "వాదనలో దిట్ట" అని కూడా రాద్దామంటున్నారు, అక్క ఇంకా ఒప్పుకోలేదు. ఫొటోలకి ఎలా? మంచి క్వాలిటీవి దొరకట్లేదు.

పాత పేపర్లు:
ఫూలే గారి మీద 1998లో, మహానటి గారి మీద 2011లో పోస్టల్ స్టాంపులు వచ్చాయి. స్టాంపులు సేకరించేవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే అడిగి, హై రిజల్యూషన్‌లో స్కాన్ చేసి పెద్దది చేయించండి, అంచుల పళ్ళతో సహా చూడ్డానికి బాగుంటుంది. ప్రతి బోర్డు మీదా ఇంటిపేరు మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి, లేకపోతే పిల్లలు అందర్నీ కలిపి ఒక్క మనిషే అనుకుంటారు.