పైస్ రాసిన ఐన్‌స్టీన్ జీవితచరిత్ర: 5వ అధ్యాయంలో అవొగాడ్రో సంఖ్య అచ్చుతప్పా?

ప్రశ్న:
అబ్రహాం పైస్ 'సటిల్ ఈజ్ ది లార్డ్' చదువుతున్నానండి. 1905 నాటి ఐన్‌స్టీన్ థీసిస్ ప్రకారం అవొగాడ్రో సంఖ్య (ఒక మోల్ పదార్థంలోని అణువుల సంఖ్య) 2.1×10²³ అని ఉంది. అసలు విలువలో మూడో వంతే కదా, అచ్చుతప్పా? ఇంకోటి, డిగ్రీ ఫిజిక్స్‌తో, టెన్సర్లు (సాధారణ సాపేక్షతలో వాడే గణితం) రాకుండా, మిగతా పుస్తకం సాగుతుందా?

జవాబు 1:
అచ్చుతప్పు కాదు, పొరపాటు ఐన్‌స్టీన్‌దే. చక్కెర కలిపితే నీటి స్నిగ్ధత (చిక్కదనం) ఎంత పెరిగిందో చూస్తే అవొగాడ్రో సంఖ్యను అణు వ్యాసార్థం ఘనంతో గుణించిన విలువ తెలుస్తుంది. చక్కెర వ్యాపన గుణకం (నీటిలో అది ఎంత త్వరగా విస్తరిస్తుందో చెప్పే సంఖ్య) నుంచేమో అదే సంఖ్యను ఉత్త వ్యాసార్థంతో గుణించిన విలువ వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వ్యాసార్థం వర్గం మిగులుతుంది.

స్నిగ్ధత పెరుగుదల, అణువులు ఆక్రమించిన ఘనపరిమాణ భాగానికి 2.5 రెట్లు ఉండాలి. ఆయన లెక్కలో 1 రెట్టే తేలింది. దాంతో వ్యాసార్థం √2.5, అంటే 1.58 రెట్లు పెద్దదైంది, సంఖ్య అన్ని రెట్లు చిన్నదైంది. మిగతా తేడా పాత కొలతల పుణ్యం. 1906లో మెరుగైన కొలతలు వాడితే 4.15×10²³ వచ్చింది. దాన్ని 1.58తో గుణించి చూడండి, 6.56! 1911 సవరణలో ఉన్నది అదే. తప్పు బయటపడింది పారిస్‌లో పెరాన్ ప్రయోగశాల వల్ల. అక్కడ బాన్సలాన్ స్నిగ్ధత పెరుగుదల కొలిస్తే, ఐన్‌స్టీన్ చెప్పిన 1 రెట్టుకు బదులు 3.9 రెట్లు వచ్చింది. అప్పుడు లెక్క సరిచూసే పని ఐన్‌స్టీన్ తన శిష్యుడు హోప్ఫ్‌కి అప్పజెప్పాడు.

జవాబు 2:
సాగుతుంది, కాకపోతే వరసగా చదవకండి. విషయసూచికలో ఇటాలిక్స్‌లో ఉన్నవి జీవితకథ భాగాలు, లెక్కలు దాదాపు ఉండవు. ముందు అవన్నీ చదివేయండి. తర్వాత 18 నుంచి క్వాంటం అధ్యాయాలు. 1924లో ఢాకా నుంచి బోస్ పంపిన వ్యాసం సంగతి 23లో ఉంది, అది మాత్రం వదలొద్దు. సాధారణ సాపేక్షత చివరికి పెట్టుకోండి.

14వ అధ్యాయంలో చాలామంది తికమకపడే చోటొకటుంది. 1915 నవంబరు 4, 11, 18, 25 తేదీల్లో నాలుగు పేపర్లు. గురుత్వాకర్షణ తుది సమీకరణం 25న వస్తే, బుధగ్రహం కక్ష్య మెల్లగా తిరగడం లెక్క (శతాబ్దానికి అదనంగా 43 ఆర్క్ సెకన్లు) 18నే ఎలా కుదిరింది? శూన్యంలో సమీకరణం పాత రూపమూ కొత్త రూపమూ ఒకటే. సూర్యుడి బయట పదార్థం లేదనుకుంటాం కాబట్టి 25న చేరిన అదనపు పదం అక్కడ అడ్డురాదు.

జవాబు 3:
ఇది 1982 పుస్తకమని గుర్తుంచుకోండి. మొదటి భార్య మిలేవాతో ఐన్‌స్టీన్ ఉత్తరాలు అచ్చయింది 1987లో. అందుకే 1902లో పుట్టిన కూతురు లీసెర్ల్ ఊసే ఇందులో ఉండదు. ఆ తుది సమీకరణాల కోసం గణితవేత్త హిల్బర్ట్‌తో పోటీ గురించి పైస్ చెప్పినదీ పాతబడింది. హిల్బర్ట్ వ్యాసం మీద 1915 నవంబరు 20 తేదీ ఉన్నా, డిసెంబరు 6 ముద్ర ఉన్న ప్రూఫుల్లో తుది సమీకరణాలు కనబడలేదని 1997లో తేలింది. ఆ ప్రూఫుల్లో ఒక ముక్క కత్తిరించి ఉంది కాబట్టి ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఫిజిక్స్ వరకైతే ఈ పుస్తకాన్ని మించింది నాకు కనబడలేదు.