చర్చ: రెండున్నర టన్నుల బండికి ఏ వించ్? 9500 పౌండ్లా, 12000 పౌండ్లా?

మట్టిదారి
బండి ఖాళీ బరువు 2050 కిలోలు. మనుషులు, ఫుల్ ట్యాంక్, సామాను, ముందు ఇనుప బంపర్ అన్నీ కలిపి వేబ్రిడ్జి మీద 2500 చూపిస్తోంది. బ్యాటరీ ఒక్కటే, 12 వోల్టులు, 70 ఏహెచ్ (ఆంపియర్ గంటలు). ఆల్టర్నేటర్ 90 ఆంప్స్. ఎలక్ట్రిక్ వించే (దిగబడిన బండిని రోప్‌తో లాగే యంత్రం) పెడతాను. 9500 సరిపోతుందా, 12000 తీసుకోవాలా? స్టీలు రోప్ మంచిదా, సింథటిక్ మంచిదా? బిగింపులో ఎక్కడ తప్పులు జరుగుతాయో కూడా చెప్పండి.

ఇరుసు
నిండు బరువుతో లెక్క మొదలుపెట్టారు, అదే సరైన పద్ధతి. చాలామంది కంపెనీ కాగితంలో ఉన్న ఖాళీ బరువు పట్టుకుని మోసపోతారు. నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు అనేది పాత లెక్క. 2500 × 1.5 = 3750 కిలోలు, అంటే దాదాపు 8270 పౌండ్లు. 9500 పౌండ్లంటే 4310 కిలోలు. కాబట్టి మీకు 9500 చాలు. నిండు బరువు 2870 కిలోలు దాటితే అప్పుడు 12000 సంగతి చూడాలి.

కానీ డబ్బా మీద రాసిన ఆ 4310 కిలోలు డ్రమ్ము మీద రోప్ మొదటి వరసలో ఉన్నప్పుడే వస్తాయి. పైన ఒక్కో వరస పెరిగేకొద్దీ చుట్ట లావెక్కి లాగుడు తగ్గుతుంది. 64 మి.మీ. డ్రమ్ము, 8 మి.మీ. స్టీలు రోప్ అనుకుంటే రెండో వరసలో సుమారు 3530, మూడో వరసలో 2980, నాలుగో వరసలో 2590 కిలోలే మిగులుతాయి. బిల్లు కట్టేముందు కంపెనీ ఇచ్చే వరసలవారీ పట్టిక అడగండి. ఆ పట్టిక లేని వించ్ గురించి నేనైతే ఆలోచించను.

పగ్గం
ఇరుసు గారు చెప్పినది బురదలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. 230 మి.మీ. వెడల్పున్న డ్రమ్ము మీద 8 మి.మీ. రోప్ మొదటి వరసలో సుమారు 6 మీటర్లు, రెండో వరసలో 7.5, మూడో వరసలో 9 మీటర్లు పడుతుంది. మొత్తం రోప్ 28 మీటర్లు అనుకోండి.

చక్రాల మట్టానికి దిగబడిన బండిని కదిలించాలంటే దాని బరువంత లాగుడు కావాలి, అంటే 2500 కిలోలు. దానికి తోడు 15 డిగ్రీల ఎక్కుడు ఉంటే 0.26 వంతు, అంటే ఇంకో 650 కలపండి. మొత్తం 3150. చెట్టు 8 మీటర్ల దూరంలోనే ఉంది. 8 మీటర్లు బయటికి లాగితే డ్రమ్ము మీద ఇంకా 20 ఉంటుంది. అంటే మీరు మూడో వరస మీద లాగుతున్నారు, వచ్చేది 2980. బండి కదలదు, మోటారు మూలుగుతుంది.

ఇప్పుడు అదే చెట్టుకు కప్పీ (స్నాచ్ బ్లాక్) కట్టి, రోప్‌ను దానిలోంచి తిప్పి కొక్కెం మళ్లీ బండి ఛాసిస్ పాయింటుకు తగిలించండి. 16 మీటర్లు బయటికి పోతుంది, డ్రమ్ము మీద 12 మిగులుతుంది. అది రెండో వరస. 3530కి రెండింతలు, దాదాపు 7 టన్నులు. కప్పీ రాపిడికి కొంత పోయినా 6 టన్నుల పైమాటే. వేగం సగమవుతుంది, మోటారు మీద భారం కూడా సగమవుతుంది.

అందుకే నా మాట: 12000 కోసం పెట్టే అదనపు డబ్బుతో మంచి కప్పీ, 75 మి.మీ. వెడల్పు చెట్టు పట్టీ, 4.75 టన్నుల బో షాకిళ్లు (పట్టీని, కప్పీని కలిపే ఇనుప కొంకులు) రెండు కొనండి. కప్పీ సామర్థ్యం వించ్‌కు రెట్టింపు ఉండాలి. 9500 వించ్‌కు 8.6 టన్నులకు తక్కువ వద్దు. మరిచిపోకూడనిది ఒకటుంది: కప్పీ వేశాక చెట్టు మీద, పట్టీ మీద, అక్కడి షాకిల్ మీద పడేది రెండు పాయల బరువూ కలిపి. చెట్టు సన్నదైతే వేళ్లతో సహా వస్తుంది.

మట్టిదారి
చాలా స్పష్టంగా ఉంది. అయితే 12000 తీసుకుంటే నష్టమేమైనా ఉందా? ఎక్కువ ఉంటే మంచిదే కదా?

ఇరుసు
నష్టం ముందు ఇరుసు మీద పడుతుంది. 12000కి రోప్ 9.5 మి.మీ. ఉంటుంది, లావు రోప్ అయితే వరసలు ఇంకా తొందరగా లాగుడు తినేస్తాయి. చాలా మోడళ్లలో మోటారు అదే, గేరు నిష్పత్తి మాత్రమే మారుతుంది. దాంతో వేగం తగ్గుతుంది. స్టీలు రోప్‌తో 9500 వించే 36 నుంచి 40 కిలోలు తూగుతుంది. బంపర్, ప్లేటు కలిపితే ముందు స్ప్రింగులు కూర్చుంటాయి. మూడు టన్నుల బండికైతే నేను కూడా 12000 అనే అంటాను.

ఆంపియర్
అందరూ పౌండ్ల గురించే మాట్లాడుతున్నారు. వించ్ కాలిపోయేది, ఆగిపోయేది ఎక్కువగా కరెంటు దగ్గరే. ఖాళీగా తిరిగితే 60 నుంచి 80 ఆంప్స్, నిండు భారం మీద 400 పైన లాగుతుంది. ఆ 400 ఆంప్స్ ఎక్కడికి పోతున్నాయో చూడండి. 4310 కిలోలను నిమిషానికి ఒకటిన్నర మీటరు లాగితే జరిగే పని దాదాపు 1050 వాట్లు. బ్యాటరీ నుంచి పోయేది 10.5 వోల్టుల దగ్గర 4200 వాట్లు. మిగతా మూడు వంతులూ వేడే. నిండు భారం మీద ఒక నిమిషం లాగి, చెయ్యి పెట్టగలిగేంత చల్లబడేదాకా మోటారును ఆపమని మాన్యువల్ చెప్పేది అందుకే.

ఇక కేబుల్. రాగి నిరోధం (మీటరు పొడవు, ఒక స్క్వేర్ ఎంఎం తీగకు) 0.0175 ఓమ్ పెట్టి లెక్క వేయండి. బ్యాటరీ నుంచి వించ్‌కు 2 మీటర్లు, తిరిగి 2 మీటర్లు, మొత్తం 4. 35 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో 400 ఆంప్స్ దగ్గర 0.8 వోల్టు పోతుంది, 50 స్క్వేర్ ఎంఎంలో 0.56. వించ్ వెనక పెట్టి, రానూపోనూ 10 మీటర్లు అయిందనుకోండి: 35లో పూరా 2 వోల్టులు పోతాయి. అలాంటి చోట 70కి తగ్గకూడదు. నెగెటివ్ కేబుల్‌ను ఛాసిస్‌కు కాదు, నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కే తీసుకెళ్లండి. రంగు వేసిన బ్రాకెట్టు మీద బిగించిన ఎర్త్ 400 ఆంప్స్ మోయలేదు.

వోల్టేజి పడిపోతే నెమ్మదిగా లాగడంతోనే అయిపోదు, అసలు ప్రమాదం సొలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) దగ్గర ఉంది. వోల్టేజి బాగా పడినప్పుడు దాని కాయిల్‌కు పట్టు చాలక లోపలి కాంటాక్టు టకటకా కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ నిప్పురవ్వ లేస్తుంది. చివరికి రాగి కరిగి అతుక్కుపోతుంది. అప్పుడు మీరు రిమోట్ బటన్ వదిలినా వించ్ ఆగదు, కొక్కెం వచ్చి, రోప్ బయటికొచ్చే దారిలోని ఫెయిర్‌లీడ్‌ను చీల్చేదాకా చుడుతూనే ఉంటుంది. అందుకే బ్యాటరీకి దగ్గరలో, చేతికి అందేచోట 500 ఆంప్స్ ఐసొలేటర్ స్విచ్ (కరెంటును పూర్తిగా తెంచేది) తప్పనిసరి. వాడనప్పుడు ఆఫ్‌లో ఉంచండి. వించ్ కేబుల్‌కు మామూలుగా ఫ్యూజు ఉండదు కాబట్టి ఆ కేబుల్ బంపర్ అంచుకు రాసుకుని బయటపడితే నేరుగా మంటలే.

మీ ఆల్టర్నేటర్ 90 ఆంప్స్ అన్నారు, ఐడిలింగ్‌లో అది సగం కూడా ఇవ్వదు. ఇంజన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. ఒక నిమిషం నిండు లాగుడుకు బ్యాటరీ నుంచి దాదాపు 6 ఏహెచ్ పోతాయి. 40 ఆంప్స్ చొప్పున తిరిగి ఎక్కాలంటే తొమ్మిది నిమిషాలు పడుతుంది. బ్యాటరీ 650 సీసీఏకు (చలిలో స్టార్ట్ చేయగల కరెంటు, ఆంప్స్‌లో) తగ్గకుండా చూసుకోండి. అది తక్కువైతే వించ్ కంటే ముందు బ్యాటరీ మార్చాలి.

నట్టుబోల్టు
ఆంపియర్ గారి లెక్కకు ఒక పరీక్ష. భారం మీద లాగుతుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ టెర్మినళ్ల మీద ఒకసారి, వించ్ మోటారు టెర్మినళ్ల మీద ఒకసారి వోల్టేజి చూడండి. తేడా ఒక వోల్టు దాటితే లగ్గు (కేబుల్ కొసన ఉండే బిగింపు) సరిగా నొక్కుకోలేదనో, కేబుల్ సన్నమనో అర్థం. లాగుడు అయిపోగానే ఒక్కో జాయింటు దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి చూస్తే ఏది వేడిగా ఉందో తెలిసిపోతుంది.

బిగింపు విషయం. 8000 నుంచి 12000 దాకా చాలా వించ్‌లకు బోల్టు రంధ్రాలు 254 × 114.3 మి.మీ. దూరంలోనే ఉంటాయి, కాబట్టి ప్లేటు దొరకడం కష్టం కాదు. బోల్టులు ఎం10, 8.8 గ్రేడు. వించ్ కాళ్లలోని గాడిలో కూర్చునే చదరపు నట్లు సొంతంగా తిరగవు, కాబట్టి బోల్టు పొడవు సరిగ్గా ఉండాలి. పొడవెక్కువైతే అడుగు తాకి, బిగిసినట్టే అనిపిస్తుంది కానీ ప్లేటు పట్టదు. పొట్టిదైతే మరలు ఊడతాయి. సుమారు 45 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) దగ్గర టార్క్ రెంచితో బిగించి, మొదటి లాగుడు తర్వాత మళ్లీ చూడండి.

ప్లేటు వంకర ఉంటే వచ్చే జబ్బు చాలామంది కనిపెట్టలేరు. మోటారు వైపు, గేర్‌బాక్స్ వైపు ఒకే తలంలో లేకపోతే డ్రమ్ము మధ్యలో బిగుసుకుంటుంది. ఫ్రీస్పూల్‌లో (గేరు విడదీసి డ్రమ్మును వదిలేసినప్పుడు) రోప్ చేత్తో రాదు, ఖాళీగా తిప్పినా 100 ఆంప్స్ పైన లాగుతుంది. అలా ఉంటే రెండు వైపులనూ కలిపే టై రాడ్లు కొంచెం వదులు చేసి, ముందు కాళ్లను ప్లేటుకు బిగించి, ఆ తర్వాత టై రాడ్లు బిగించండి. అప్పటికీ తగ్గకపోతే ప్లేటు మార్చాల్సిందే.

పగ్గం
దానికి తోడు ఇంకో ముఖ్యమైన సంగతి. ప్లానెటరీ గేర్ల వించ్‌లో రోప్ సాధారణంగా డ్రమ్ము అడుగు నుంచి బయటికి రావాలి. పైనుంచి వస్తోందంటే తలకిందులుగా చుట్టినట్టు. అలా చుట్టినా వించ్ లాగుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ లోపలి బ్రేకు ఒక దిక్కులోనే భారం ఆపుతుంది. బటన్ వదలగానే బండి వెనక్కి జారుతుంది. కొత్త వించ్‌ను వాలు మీద పరీక్షించేముందు ఇది చూసుకోండి.

ఇక రోప్. వించ్‌లతో వచ్చే 8 మి.మీ. గాల్వనైజ్డ్ స్టీలు రోప్ తెగే బలం 9800 పౌండ్ల దగ్గర ఉంటుంది. 9500 వించ్‌కు అంటే మిగులు దాదాపు లేనట్టే. ఒక మెలిక పడితే అదీ పోతుంది. 10 మి.మీ. సింథటిక్ రోప్ ఎనిమిది టన్నుల పైన తట్టుకుంటుంది. బరువు కూడా తేడానే: 28 మీటర్ల స్టీలు ఏడు కిలోలైతే సింథటిక్ ఒకటిన్నర. తెగినప్పుడు స్టీలులాగా కొరడాలా కొట్టదు. అయినా రెండిటి మీదా మధ్యలో దుప్పటో, బరువు సంచో వేయాల్సిందే. రోప్‌కు అటూ ఇటూ ఎవరినీ నిలబడనివ్వకండి.

సింథటిక్‌కు శత్రువులు రాపిడి, ఎండ, ఇసుక, వేడి. చాలా ప్లానెటరీ వించ్‌ల బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. భారంతో బండిని కిందికి దింపుతున్నప్పుడు ఆ బ్రేకు జారుతూ వేడెక్కి, డ్రమ్మును వేడెక్కిస్తుంది. ఈ పోగు 150 డిగ్రీల లోపే కరుగుతుంది, బలం దానికి చాలా ముందే తగ్గడం మొదలవుతుంది. మొదటి వరసకు వేడిని తట్టుకునే తొడుగు ఉన్న రోప్ తీసుకోండి. తరచూ బండ్లను లోయలోకి దింపే పనైతే బ్రేకు డ్రమ్ము బయట ఉన్న మోడలు చూడండి, లేదా స్టీలుతోనే ఉండండి.

డ్రమ్ము మీద స్టీలుకు కనీసం 5 చుట్లు, సింథటిక్‌కు 10 చుట్లు ఎప్పుడూ మిగలాలి. రోప్ చివర డ్రమ్ముకు బిగించే చిన్న స్క్రూ భారం మోయదు, ఆ చుట్ల రాపిడే మోస్తుంది.

మట్టిదారి
సింథటిక్ మధ్యలో తెగితే అక్కడికక్కడే అతుక్కోవచ్చు అంటారు. నిజమేనా? ముడి వేస్తే సరిపోతుందా?

పగ్గం
ముడి వద్దండీ, జారిపోతుంది, జారకపోయినా బలం సగానికి పడిపోతుంది. ఇది 12 పాయల బోలు అల్లిక, అంటే గొట్టంలా ఉంటుంది. దాన్ని వెనక్కి తోస్తే అల్లిక వదులై నోరు తెరుచుకుంటుంది. ఆ గొట్టంలోకి రెండో కొసను దూర్చడమే స్ప్లైసు. లోపల దాగాల్సిన పొడవు రోప్ మందానికి 72 రెట్లు: 10 మి.మీ.కు 720 మి.మీ. తెగిన రెండు కొసలనూ ఒకదానిలో ఒకటి అంతంత పొడవు దూర్చాలి. దూర్చేముందు కొస పాయలను ఒక్కొక్కటిగా వేర్వేరు చోట్ల కోసి సన్నబరచండి, లేకపోతే కొస ముగిసేచోట ఒక్కసారిగా మందం మారి అక్కడే తెగుతుంది. తర్వాత గట్టిగా నిమిరితే బయటి అల్లిక సాగి లోపలిదాన్ని పట్టేస్తుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. దూర్చే సూది ఒకటి టూల్ బ్యాగులో ఉంటే పావుగంట పని.

నట్టుబోల్టు
కొత్త రోప్ చుట్టడం కూడా పద్ధతి ప్రకారమే. కంపెనీ నుంచి వచ్చినది వదులుగా చుట్టి ఉంటుంది. అలాగే లాగితే పై వరస రోప్ కింది వరసల మధ్యకు దిగి ఇరుక్కుంటుంది, మళ్లీ బయటికి రాదు. సమతలం మీద మొత్తం విప్పి (కనీస చుట్లు వదిలేసి), కొక్కెం ఒక చెట్టుకు తగిలించి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు బ్రేకు కొద్దిగా తొక్కి ఉంచగా లోపలికి చుట్టండి. 250 కిలోల బిగువు చాలు.

నెలకోసారైనా వించ్‌ను లోపలికీ బయటికీ తిప్పండి. వాగు దాటాక లోపల చేరిన తేమకు తుప్పు పట్టి మోటారు బ్రష్‌లు పట్టుకుపోతాయి. ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట మాత్రమే. వైర్‌లెస్ రిమోట్ ఉన్నా, వైరు రిమోట్ బండిలోనే ఉంచుకోండి.

మట్టిదారి
9500, సింథటిక్ అని నిర్ణయించుకున్నాను. 650 సీసీఏ ఉన్న బ్యాటరీ వేసుకుంటాను, 50 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేస్తాను. ఒక్క సందేహం: బంపర్‌కు పాత రోలర్ ఫెయిర్‌లీడ్ ఉంది, దానిమీద ఇంతకుముందు స్టీలు రోప్ నడిచింది. అదే వాడొచ్చా?

ఇరుసు
వద్దు. స్టీలు పోచలు రోలర్ల మీద గీతలు, ముళ్లు చేసి ఉంటాయి. నమ్మకం లేకపోతే రోలర్ చుట్టూ దూది తిప్పండి, ఎక్కడ పట్టుకుంటే అక్కడ రోప్ కోసుకుపోతుంది. పైగా రోలర్ల మూలల్లో సందు ఉంటుంది, పక్కకు లాగినప్పుడు మెత్తటి రోప్ అందులో దూరి నలుగుతుంది. రోలర్లు లేని, గుండ్రటి అంచులున్న అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్ పెట్టండి, బరువు కూడా నాలుగు కిలోలు తగ్గుతుంది. తర్వాతెప్పుడైనా మళ్లీ స్టీలుకు వెళ్తే మాత్రం దాన్ని తీసేసి రోలరే పెట్టాలి, స్టీలు రోప్ అల్యూమినియంలో గాడి కోసేస్తుంది.